ఎదురు రాని అతిథి

మే 4, ఆదివారం

అపూర్వ పెళ్ళి పిలుపు వచ్చింది. పిలుపంటే మనిషి రాలేదు, ఫోన్లో వీడియో వచ్చింది. అందులో అపూర్వ, పెళ్ళికొడుకు ప్రద్యుమ్న బ్యారేజీ మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరుగెడుతుంటారు. ఎందుకు పరుగెడుతున్నారో చివరిదాకా తెలియదు. ఆఖర్న కంకిపాడు దగ్గర ఒక కన్వెన్షన్ హాలు పేరు, ముహూర్తం, ఆ కింద మేమంతా కట్టుకోవలసిన రంగులు.

అచ్యుతం నాకు ఒక్కగానొక్క తమ్ముడు. వాడికి అపూర్వ ఒక్కగానొక్క కూతురు. బొట్టు పెట్టి పిలవడానికి వస్తారేమోనని నేను గుమ్మం కడిగించలేదు. ఎండాకాలం, దుమ్ము ఎక్కువగా ఉంది, అందుకని కడిగించాను. కాఫీపొడి కూడా అయిపోయిందనే తెప్పించాను.

సాయంత్రం మరదలు హైమవతి ఫోన్ చేసింది. "మిమ్మల్ని ప్రత్యేకంగా పిలవాలా వదినగారూ, మీరేమన్నా బయటివాళ్ళా?" అంది. నిజమే. బయటివాళ్ళనయితే వచ్చి పిలిచేవాళ్ళే.

మే 6, మంగళవారం

పెళ్ళికి వాట్సాప్ గ్రూపు పెట్టారు. అతిథులు ఎలా మెలగాలో హైమవతి రోజుకొక మెసేజి పెడుతోంది. లేత రంగులు మాత్రమే కట్టుకోండి. స్టేజి మీద గుమిగూడకండి. ఫోటోగ్రాఫర్‌కి అడ్డం రాకండి. డ్రోను ఎగిరేటప్పుడు పైకి చూడకండి. అన్నిటి కిందా నేను దణ్ణం బొమ్మ పెట్టాను. "వదినగారికి చెప్పాల్సిన పన్లేదు, అతిథి అంటే ఆవిడే" అని రాసింది. గ్రూపులో చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

గర్వం కాదు కానీ, ఆ మాట నిజం. పెళ్ళికి వెళ్ళి ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా తిరిగి రావడం ఒక విద్య. హైస్కూల్లో పిల్లలకి తెలుగు చెప్పినన్నాళ్ళూ చెప్పాను కానీ, నాకు బాగా వచ్చిన సబ్జెక్టు ఇదే. ఆయన పోయిన దగ్గర్నుంచి సాధన చేస్తున్నాను. నేను వెనక వరుసలో కూర్చుంటాను. పెళ్ళివారు బయలుదేరేటప్పుడు నేను వాళ్ళకి ఎదురు రాకుండా పక్కకు తప్పుకుంటాను. తాళిబొట్టు పళ్ళెం పెద్దవాళ్ళందరూ ముట్టుకోవడానికి వరసల్లో తిరిగే వేళకు చేతులు కడుక్కోవడానికి లేస్తాను. ఇన్ని పెళ్ళిళ్ళలో ఒక్కరు కూడా నన్ను "లేవండి" అనవలసిన అవసరం రాలేదు. మంచి అతిథికి ఇంతకంటే సర్టిఫికెట్ ఏముంటుంది.

ఒక్కసారే పొరపాటు జరిగింది. ఆయన పోయిన ఏడాది. అచ్యుతం ప్రమోషన్ ఇంటర్వ్యూకి బయలుదేరుతున్నాడు, నేను కూరల సంచితో ఎదురయ్యాను. వాడు లోపలికి వెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాడు. నాకేమీ అనిపించలేదు. ఎండకి దాహం వేసి ఉంటుంది. అది డిసెంబరు అనుకుంటాను.

మే 9, శుక్రవారం

అపూర్వకి వెండి గిన్నె కొన్నాను. కుంకుమ భరిణె ఇద్దామనుకున్నాను గానీ, నా చేత్తో కుంకుమ భరిణె ఇస్తే హైమవతి ఏ పెట్టెలో దాచాలో తెలియక ఇబ్బంది పడుతుంది. గిన్నె అయితే గొడవ లేదు. అడుగున "అపూర్వకు - మేనత్త" అని చెక్కించాను.

లేత రంగు పట్టుచీర నా దగ్గర లేదు. ఉన్నది వంగపండు రంగు. ఎలాగూ వెనక కూర్చునేదాన్నే.

మే 12, సోమవారం

పిలవడానికి ఎవరూ రాలేదు. కాఫీపొడి డబ్బా విప్పాను.

మే 14, బుధవారం

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాయాలి. రేపటికి నేనే దీన్ని మార్చి చెప్పుకుంటానని భయంగా ఉంది.

తాళి కట్టడం అయిపోయి, తలంబ్రాల వేళకు చేరేలా చూసుకుని బస్సెక్కాను. ఆ సమయానికి పిల్లలు నవ్వుతూ ఉంటారు, పెద్దవాళ్ళు ఆకలితో ఉంటారు, మనిషిని మనిషి పట్టించుకోరు. కంకిపాడులో దిగి ఆటో ఎక్కాను. తీరా హాలు పెద్ద గేటు దగ్గరకు వెళ్ళేసరికి బ్యాండు మోగుతోంది, ఎవరో మగపెళ్ళివారు పళ్ళేలు పట్టుకుని నడిచి వస్తున్నారు. నేను దిగితే సరిగ్గా వాళ్ళకి ఎదురవుతాను. ఆటో అబ్బాయిని వెనక సందులోంచి తీసుకెళ్ళమన్నాను. "వంటశాల దారి అండీ అది" అన్నాడు. నాకు కావలసింది అదే.

అక్కడ రెండు హాళ్ళు ఒకదానికొకటి వీపులు తిప్పుకుని ఉన్నాయి, రెండింటికీ మధ్య వంటలు. పొయ్యిల పొగలో కళ్ళు మండుతుంటే, చీర పైకెత్తి పట్టుకుని, గంగాళాల మధ్యనుంచి ఎడమవైపు తలుపులోకి దూరాను. వెనక వరుసలో స్తంభం పక్కన కుర్చీ దొరికింది. ముందు కెమెరా క్రేను ఉంది, స్టేజి కనపడదు. ఇంతకంటే మంచి చోటు నేను ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

మా వాళ్ళు ఒక్కరూ కనపడలేదు. అది నాకు వింతగా తోచలేదు. మావాళ్ళు ముందు వరుసల్లో ఉంటారు. వింతగా తోచింది చీరల సంగతి. ఎరుపు, చిలకాకుపచ్చ, ఒకావిడైతే నిప్పురంగు. లేత రంగు అన్న మాటే లేదు. హైమవతి ఎంత కుతకుతలాడుతోందో అనుకుని, మంచి అతిథి అలా అనుకోకూడదు కానీ, కాస్త సంతోషించాను.

ఇంతలో ఒకావిడ వచ్చింది. నాకంటే చిన్నది, భారీ మనిషి, మెడనిండా బంగారం. నడుస్తుంటే కుర్చీలు పక్కకు జరుగుతున్నాయి.

"ఏంటండీ పెద్దమ్మగారూ, ఈ మూల కూర్చున్నారు? కాళ్ళకి పసుపు కూడా రాయలేదు. ఈ పిల్లలకి మర్యాద తెలవదండీ."

"పరవాలేదమ్మా, నేను వంటల వైపు నుంచి వచ్చాను."

"అటెందుకొచ్చారు, వంటమనిషా మీరు?"

కేకేసి పసుపు గిన్నె తెప్పించి, అంత బంగారంతోనూ నేల మీద కూర్చుని, నా పాదం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆ చెయ్యి ఆగింది. తర్వాత గోడకి సున్నం కొట్టినట్టు దట్టంగా రాసింది. చీలమండల దాకా. ఆ పైన కుంకుమ తీసింది.

"నాకు వద్దమ్మా" అన్నాను.

"ఏం, పడదా? ఎలర్జీనా?"

దానికి ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఆలోచించేలోపల పెట్టేసింది. ప్రద్యుమ్న తరఫువాళ్ళు ఎంత కలుపుగోలు మనుషులో, హైమవతికి వీళ్ళతో ఎలా పొసగుతుందో అనుకున్నాను.

అప్పుడు తాళిబొట్టు పళ్ళెం వచ్చింది. తాళి కట్టడం ఇంకా కాలేదన్నమాట. నేను లేచాను.

"ఎక్కడికండీ?"

"చేతులు కడుక్కుని వస్తాను."

"పళ్ళెం వెళ్ళాక కడుక్కుందురుగాని. ముందు ముట్టండి."

మణికట్టు పట్టుకుంది. పోలీసు చెయ్యి అనుకున్నాను. ముట్టాను. కొబ్బరికాయ మీద పసుపుతాడు తడిగా ఉంది. ఆ పళ్ళెంలోకి నేను చూసి ఎన్నేళ్ళయిందో. చూస్తే, సూత్రాలు మా వాళ్ళవి కావు. మా ఇళ్ళలో తాళిబొట్ల తీరు వేరు. తలెత్తి, క్రేను పక్కనుంచి స్టేజి మీద పూలతో రాసిన పేర్లు చదివాను. దుర్గ, మణికుమార్.

తెలుగు పంతులమ్మని. వచ్చీ రాగానే చదవవలసింది.

పొరపాటున వేరే పెళ్ళికి వచ్చిన మంచి అతిథి ఏం చెయ్యాలి? తాళి ముట్టిన చేత్తోనే "నేను మీ మనిషిని కాదు, పైగా ఫలానా" అని చెప్తే ఆ పెళ్ళి ఏం కావాలి? చెప్పకపోతే నేనేం కావాలి? నేను ఇలా ఆలోచిస్తుండగానే ఆవిడ నన్ను స్టేజి ఎక్కించింది. ఆవిడ పేరు వీరమ్మ, పెళ్ళికూతురి తల్లి. బాజాలు మోగాయి, మణికుమార్ తాళి కట్టాడు, నా గుప్పెట్లో ఎవరో అక్షింతలు పోశారు. వేశాను. దుర్గ వంగి నా పసుపు పాదాలు ముట్టుకుంది. నా నోట్లోంచి "దీర్ఘ సుమంగళీభవ" అని వచ్చింది. సిగ్గేసింది, భయమేసింది, చాలా సంతోషంగా కూడా ఉంది. సంతోషం సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా రాయను.

పెళ్ళికూతురి స్నేహితురాలెవరో నా చేతిలో గిన్నె పెట్టె అందుకుని కానుకల గుట్టలో పెట్టేసింది. ఇచ్చింది తిరిగి అడగడం మర్యాద కాదు.

తర్వాత భోజనం. తప్పించుకోలేకపోయాను, వీరమ్మ పక్కనే నిలబడి వడ్డించింది. చింతచిగురుతో ఏదో పొడిపొడిగా వండారు. పనసపొట్టులా ఉంది. చింతచిగురు, పనసపొట్టు కలిపి వండుతారని నాకు తెలియదు. రెండోసారి కూడా వేయించుకున్నాను. దేంతో వండారని అడగలేదు. అతిథి వంటల గురించి ఆరా తీయకూడదు.

వచ్చిన దారినే బయటపడ్డాను. పొయ్యిల అవతల రెండో తలుపు కనిపిస్తోంది, లోపలినుంచి అపూర్వ నవ్వు మైకులో వినిపిస్తోంది. నాలుగడుగులు వేస్తే వెళ్ళిపోవచ్చు. కిందికి చూసుకున్నాను. చీలమండల దాకా పసుపు. నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ. ఈ అవతారంతో అచ్యుతం ముందుకు ఎలా వెళ్ళను? పక్కనే కుళాయి ఉంది. కడుక్కుంటే అరనిమిషం పని.

కడుక్కోలేదు. బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

మే 15, గురువారం

అచ్యుతం ఫోన్ చేస్తాడు. ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్నాను. వడదెబ్బ.

మే 16, శుక్రవారం

ఫోన్ రాలేదు. అలసిపోయి ఉంటారు. నేనేమీ ఎదురుచూడడం లేదు. ఛార్జింగు పెట్టిన చోటే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను, అక్కడ గాలి బాగుంటుంది.

పక్క వాటాలో ఉండే తెరేసమ్మ వచ్చింది. గుణదల కొండ మెట్లు ఎక్కి దిగి వస్తూ ఇటే వచ్చిందట. నా పాదాలు చూసింది. పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"పెళ్ళి బాగా జరిగిందా టీచర్‌గారూ?"

"చాలా బాగా జరిగింది."

అబద్ధం కాదు.

మే 18, ఆదివారం

ఈ రోజుకి ఏదో ఒకటి వస్తుందని నాకు తెలుసు. ఒక్కగానొక్క అక్క పెళ్ళికి రాకపోతే ఏ తమ్ముడైనా కోప్పడతాడు. కోప్పడితే ఏడవకూడదని కూడా అనుకున్నాను. మధ్యాహ్నం హైమవతి నుంచి మెసేజి వచ్చింది. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"థాంక్యూ సో మచ్ వదినగారూ. అంత ఎండలో మీరు వచ్చి అపూర్వను ఆశీర్వదించడం మా అదృష్టం. ఎప్పటిలాగే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చి వెళ్ళారు."

చదివాను. మళ్ళీ చదివాను. తప్పులేమీ లేవు.

నేను వచ్చాననుకున్నారు. వెతకలేదు, కనపడలేదని అనుకోలేదు, స్తంభం వెనక ఎక్కడో ఉండే ఉంటానని నమ్మారు. ఇన్నేళ్ళ సాధన ఇక్కడికి తెచ్చింది. నేను ఉన్నా లేకపోయినా ఒకేలా ఉండేంత మంచి అతిథిని అయ్యాను.

నాకు బాధగా ఉంది. దీన్ని ఎండ మీదికి తోయలేను.

మే 19, సోమవారం

దణ్ణం బొమ్మ పెట్టాను.

మే 21, బుధవారం

పేపర్లో బందరు రోడ్డు మీద కారు యాక్సిడెంటు వార్త చదివి పేర్లు వెతికాను. దుర్గ కాదు. ఆ పిల్ల మీద అక్షింతలు వేశాను, తాళి ముట్టాను. ఆ పిల్లకి ఏమన్నా అయితే ఎవరికి చెప్పుకోను? వాళ్ళ ఊరేదో కూడా తెలియదు. తెరేసమ్మ మేరీమాతకి కొవ్వొత్తి వెలిగించడానికి వెళ్తుంటే, నా తరఫున కూడా ఒకటి వెలిగించమన్నాను. ఎవరి కోసమని అడిగింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల కోసమన్నాను. అపూర్వ అనుకుని ఉంటుంది.

మే 24, శనివారం

అచ్యుతం ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వు మా పెళ్ళికి రాలేదా?"

"హైమవతి థాంక్స్ చెప్పింది కదరా."

"అది అందరికీ చెప్పిందే. పేరు మార్చి, తలా ఒక ముక్క కలిపి లిస్టులో అందరికీ పంపింది. నువ్వు ఎక్కడికెళ్ళావు అసలు?"

సంగతి ఏమిటంటే, గిన్నె అడుగున ఉన్న పేరు చూసి వీరమ్మ హాలు మేనేజరుని పట్టుకుని హైమవతి నంబరు సంపాదించిందట. మీ అమ్మాయి మేనత్తగారు మా పెళ్ళికి వచ్చారని చెప్పిందట. హైమవతి ఒప్పుకోలేదు. "మా వదినగారు మా పెళ్ళిలోనే ఉన్నారండీ, వెనక వరుసలో" అంది. "మా పెళ్ళిలో ముందు వరుసలో ఉన్నారండీ" అని ఆవిడ అంది. చాలాసేపు వాదించుకున్నారట. చివరికి ఆవిడ ఫోటోలు పంపింది.

"స్టేజి మధ్యలో ఉన్నావు నువ్వు. కుంకుమ పెట్టుకుని" అన్నాడు.

"వాళ్ళు పెట్టారు."

"తాళి కూడా ముట్టావా?"

"ముట్టాను."

వాడు గొంతు తగ్గించి, "వాళ్ళకి తెలుసా?" అన్నాడు.

"ఏం తెలుసా?"

"అదే."

"ఏదిరా?"

వాడికి ఆ మాట నోటికి రాలేదు. మా ఇంట్లో ఎవరి నోటికీ రాదు. అందరూ నా మనసు నొప్పించకూడదని చూస్తారు.

"సరే, చెప్పకు. ఇప్పుడు చెప్పి వాళ్ళని బాధపెట్టడం దేనికి? ఆవిడ నీ అడ్రసు అడిగింది, ఇచ్చాను. గిన్నె తీసుకుని పంపించెయ్. మన విషయాలు మాట్లాడకు" అన్నాడు.

తమ్ముడు కూడా నాలాగే ఎప్పుడూ ఎదుటివాళ్ళ గురించే ఆలోచిస్తాడు. నువ్వెందుకు రాలేదక్కా, ఒంట్లో బాగాలేదా అని మాత్రం అడగలేదు. వడదెబ్బ చెప్పే అవకాశం రాలేదు.

మే 27, మంగళవారం

వీరమ్మ వచ్చింది. వెనకాల భర్త బంగార్రాజు, చేతుల్లో రెండు సంచులు. ఆయన కూర్చున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడే అవసరం ఆ ఇంట్లో ఆయనకి రాదని కాసేపటికి అర్థమైంది.

బందరు పక్క గిలకలదిండి వాళ్ళది. బోట్లున్నాయి, చేపల వ్యాపారం, ఐసు ఫ్యాక్టరీలో వాటా. "మీరు అబ్బాయి తరఫు పెద్దావిడ అనుకున్నానండీ నేను. అబ్బాయివాళ్ళు, ఆ గన్నవరం వాళ్ళు, మీరు మా తరఫనుకున్నారు. ఫోటోలు చూసుకున్నాక ఇద్దరం తెల్లమొహాలు వేశాం" అని నవ్వింది. ఫోటో ఫ్రేము కట్టించి తెచ్చింది. నా మొహం ఇంత పెద్దదని నాకు తెలియదు. ఎవరి పెళ్ళి ఫోటోలోనైనా నేను పూర్తిగా కనపడటం నా పెళ్ళి తర్వాత ఇదే.

గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. ఎవరొచ్చారా అని చూడ్డానికి వచ్చిన తెరేసమ్మ చేతికి ఒక సంచి ఇచ్చింది. "రొయ్యపొట్టండీ. పెళ్ళిలో చింతచిగురుతో వండాం కదా, పెద్దమ్మగారు రెండుసార్లు వేయించుకున్నారు."

తెరేసమ్మ నా వైపు చూసింది. ఇన్నేళ్ళుగా వాళ్ళ వంటింట్లో చేపలు వేగితే నేను కిటికీ మూసుకునేదాన్ని. నేను ఫోటో వైపు చూశాను.

అప్పుడు వీరమ్మ అసలు సంగతి చెప్పింది. "వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోద్దండీ. పదిహేనున మా అల్లుడు కొత్త బోటు మీద మొదటిసారి వెళ్తున్నాడు. ఇంట్లోంచి రేవుకి బయలుదేరేటప్పుడు మీరు ఎదురు రావాలి. అది అడగడానికే వచ్చాం."

నన్ను. ఎదురు రమ్మని.

అచ్యుతం చెప్పకు అన్నాడు. చెప్పకుండా "ఒంట్లో బాగుండటం లేదమ్మా" అంటే సరిపోయేది. నా ఒంట్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు బాగుండదు, ఆ సౌకర్యం నాకుంది. కానీ సముద్రం మీదికి వెళ్ళే పిల్లాడు. చెప్పాను. మావారు పోయి చాలా ఏళ్ళయిందని, తాళి ముట్టకూడని చేత్తో ముట్టానని, దుర్గకి ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదని, అన్నీ చెప్పాను. చెప్తూ ఏడ్చాను. బంగార్రాజు లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

"తెలుసండీ" అంది వీరమ్మ.

"ఏం తెలుసు?"

"పసుపు రాసేటప్పుడు చూశాను కదా. కాళ్ళకి మెట్టెలు లేవు."

"తెలిసే పళ్ళెం ముట్టించావా?"

"మా వాళ్ళు సముద్రం మీద బతికే మనుషులండీ. అట్టా లెక్కపెట్టుకుంటే మా ఊళ్ళో పెళ్ళికి మనుషులే మిగలరు. మా అమ్మా, మా అత్తా, మేనత్తలు ముగ్గురూ మీలాంటోళ్ళే, వాళ్ళందరినీ వెనక కూర్చోబెడితే ఇంక ముందు ఎవర్ని కూర్చోబెడతాం, బ్యాండోళ్ళనా?"

తెరేసమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"రేపు ఆ అబ్బాయికి ఏమన్నా అయితే?" అన్నాను.

వీరమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. ఆ కొంగు కొంచెం చేపల వాసన వేసింది. "అయితే సముద్రం వల్ల అవుద్ది. మీ వల్ల అవ్వడానికి మీరంత గొప్పోళ్ళేం కాదులెండి" అంది.

వాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచి ఆ మాటే అనుకుంటున్నాను. ఇంతవరకు నన్ను ఎవరూ ఇంత బాగా అవమానించలేదు.

జూన్ 3, మంగళవారం

హైమవతి ఫోన్. అపూర్వ వాళ్ళు బెంజి సర్కిల్ దగ్గర ఫ్లాటు తీసుకున్నారు, పదిహేనో తారీఖు పొద్దున్నే పాలు పొంగిస్తున్నారు.

"మీరు భోజనాల వేళకి రండి వదినగారూ. పొద్దున్నే అంత హడావిడిగా రావడం మీకు కష్టం."

ఆ పక్కనుంచి అచ్యుతం గొంతు వినిపించింది. "పాలు పొంగాక రమ్మను. ఈసారి కరెక్టుగా ఫ్లాటు నంబరు పంపించు."

సరేనన్నాను. సరేనని ఎందుకన్నానో తెలియదు. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

జూన్ 8, ఆదివారం

రెండూ ఒకే రోజు. అపూర్వ నా చేతుల్లో పెరిగిన పిల్ల. అక్కడికి వెళ్ళకపోతే ఎలా? వెళ్తే, మెట్ల దగ్గర నిలబడి, పాలు పొంగిన అరుపులు వినపడ్డాక లోపలికి వెళ్ళాలి. అది నాకు బాగా వచ్చు. గిలకలదిండిలో చెయ్యవలసింది మాత్రం నాకు రాదు. వీధి మధ్య నడవాలట. అంతేనట.

మోకాళ్ళ నొప్పిగా ఉంది, ఎక్కడికీ వెళ్ళనేమో.

జూన్ 12, గురువారం

మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

జూన్ 13, శుక్రవారం

గిన్నె అపూర్వకి ఇమ్మని తెరేసమ్మ చేతికిచ్చాను. పాలు అందులో పోసుకొమ్మని చెప్పమన్నాను. తెరేసమ్మ ఎల్లుండి పొద్దున్నే వెళ్ళి ఇచ్చి వస్తానంది. ఆవిడ ఎవరికి ఎదురొచ్చినా ఫరవాలేదు, మొగుడు ఉన్నాడు. తాగుబోతు, కానీ ఉన్నాడు.

జూన్ 15, ఆదివారం

గిలకలదిండి. వీరమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నిన్న సాయంత్రం బస్సులో వచ్చాను.

పొద్దున్నే గ్రూపులో హైమవతి అందరికీ టైము గుర్తు చేసింది. చివర నా పేరు పెట్టి, "వదినగారూ, మీరు తీరిగ్గా రండి" అని రాసింది. ఎప్పుడూ పెట్టే దణ్ణం బొమ్మ దాకా వేలు వెళ్ళింది. వెనక్కి తీసుకుని, "నేను వచ్చినట్టే అనుకోండి" అని రాశాను. కాసేపటికి అపూర్వ నాకు విడిగా మెసేజి పంపింది. "అత్తా, గిన్నె బాగుంది. నువ్వు రాకపోతే ఏం బాగుంటుంది? పెళ్ళిలో కూడా నీ కోసం చూశాను, నాన్న వెనక ఉన్నావన్నారు." ఆ మెసేజి చదివి చాలాసేపు ఏడ్చాను. దానికి జవాబు ఈ డైరీలో కాదు, దాని ఇంటికి వెళ్ళి చెప్తాను, నాకు ఇష్టమొచ్చిన వేళకి వెళ్ళి.

వీధంతా జనం. డప్పులు, గుమ్మడికాయలు, కొత్త వలల వాసన. దుర్గ వాళ్ళాయన నుదుట బొట్టు పెడుతోంది. వీరమ్మ నా కాళ్ళకి పసుపు రాసి, చేతికి నిండు బిందె ఇచ్చి, "ఆ చివరికెళ్ళి, మేం బయటికి రాగానే నడిచి రండి" అంది.

వెళ్ళాను. ఇళ్ళ పక్కనుంచి ఒక సన్న సందు ఉంది, అందులోంచి వస్తే ఎవరికీ అడ్డం ఉండదు. నా కాళ్ళు వాటంతట అవే అటు తిరిగాయి.

"అటు కాదండీ పెద్దమ్మగారూ" అని గుమ్మంలోంచి వీరమ్మ అరిచింది. "వీధి మధ్యలోంచి."

మగవాళ్ళు గుమ్మం దాటారు. ముందు మణికుమార్, వెనక బంగార్రాజు, ఆ వెనక బోటు మనుషులు. నేను నడిచాను. బిందెలో నీళ్ళు తొణికి చీర తడిసింది. వాళ్ళ మొహాలు చూడాలంటే భయమేసి బిందెలోకే చూస్తూ నడిచాను. వాళ్ళ అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని చెవులు అప్పగించి విన్నాను.

ఆగలేదు. మణికుమార్ నా ముందుకు వచ్చి, నవ్వి, బిందె అంచు ముట్టుకుని, పక్కనుంచి రేవువైపు సాగిపోయాడు. ఒక్కొక్కరే అందరూ అలాగే వెళ్ళారు.

మంచినీళ్ళ కోసం ఎవరూ వెనక్కి వెళ్ళలేదు.